వైల్డర్ పక్క కుర్చీ

సంపాదకులకు,

దర్శక రచయితల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసంలో హాలీవుడ్ దర్శకుడు బిల్లీ వైల్డర్ పేరు రెండు చోట్ల సాక్ష్యానికి పిలిచారు. రాసుకునే సత్తా ఉన్న దర్శకుడికి వేరే రచయిత అక్కర్లేదనడానికి ఒకసారి, బౌండ్ స్క్రిప్టు, అంటే చివరి పేజీ దాకా రాసి కట్టిన స్క్రిప్టు, లేకుండా సెట్ మీదికి వెళ్ళినా గొప్ప సినిమా వస్తుందనడానికి ఇంకోసారి. మొదటి మాట శుద్ధ తప్పు. రెండోదాంట్లో కొంత నిజం ఉంది కాబట్టి దాంతోనే ఎక్కువ చిక్కు. కథా చర్చల్లో కూర్చునే కుర్రాళ్ళు ఇలాంటి వ్యాసాలు కత్తిరించి దాచుకుంటారు. అందుకని కాస్త వివరంగానే రాస్తున్నాను.

అమెరికా చేరాక వైల్డర్ దర్శకత్వం చేసిన కథాచిత్రాలు 25. మొదటిది 1942 నాటి ‘ద మేజర్ అండ్ ద మైనర్’, చివరిది 1981 నాటి ‘బడ్డీ బడ్డీ’. ఆ 25 టైటిల్ కార్డులూ వరసబెట్టి చూడండి. రచన దగ్గర అతని పేరు ఒంటరిగా ఉన్న కార్డు ఒక్కటి కూడా దొరకదు. ఆరింటికి చార్ల్స్ బ్రాకెట్, పన్నెండింటికి ఐ.ఎ.ఎల్. డైమండ్, మిగిలిన ఏడింటికి ఒక్కోసారి ఒక్కొక్కరు, కొన్నింటికి ఇద్దరేసి. కథ, స్క్రీన్‌ప్లే, మాటలు, దర్శకత్వం అని నాలుగూ ఒకే పేరు కింద వేసుకునే మన కార్డుకి వైల్డర్‌ని ఆదర్శంగా చూపించడం కుదరదు. మన దగ్గరే పోలిక కావాలంటే బాపు–రమణలు కొంత దగ్గరికి వస్తారు. అక్కడ కూడా కలం ఒకరిది, కెమెరా ఒకరిది. వైల్డర్ అయితే రెండూ పట్టుకుని కూడా పక్కన ఇంకో మనిషి లేందే పేజీ తిప్పలేదు.

ఎందుకు అని అడిగితే జీవితంలోంచే మొదలుపెట్టాలి. 1906 జూన్ 22న, అప్పటి ఆస్ట్రియా–హంగరీలో, ఇప్పుడు పోలండ్‌లో ఉన్న సుహా అనే ఊళ్ళో పుట్టాడు. వియన్నాలో పత్రికా విలేఖరి. 1926లో బెర్లిన్ చేరి, అక్కడ వేరేవాళ్ళ పేర్ల మీద మూకీ సినిమాలకు కథలు రాసిపెట్టాడు. మన దగ్గర ఘోస్ట్ అంటామే, ఆ పని. మధ్యలో ఒక హోటల్లో ఒంటరిగా వచ్చిన ఆడవాళ్ళతో డబ్బు తీసుకుని డాన్సు చేసే ఉద్యోగం కూడా చేసి, దాని మీద పత్రికకు వ్యాసాలు రాసుకున్నాడు. 1933 ఫిబ్రవరిలో జర్మన్ పార్లమెంటు భవనం తగలబడ్డ తర్వాత, యూదుడు కాబట్టి, పారిస్ వెళ్ళిపోయాడు. అక్కడ మరొకరితో కలిసి ఒక ఫ్రెంచి సినిమా తీసి, 1934లో అమెరికాలో దిగాడు. యూరప్‌లో ఉండిపోయిన తల్లి నాజీల చేతిలో పోయింది.

అమెరికాలో దిగేనాటికి 27 ఏళ్ళు, ఇంగ్లీషు అంతంతమాత్రం. మాటలతో బతకాల్సినవాడు పరాయి భాషలోకి వచ్చిపడ్డాడు. రేడియో విని, జనం మాట్లాడేది విని నేర్చుకున్నాడు. చెవి మాత్రం అద్భుతమైనది. ఏ మాట ఎక్కడ పేలుతుందో పట్టేస్తుంది. కానీ ఆ మాటని ఒక బోస్టన్ ఆవిడ అంటుందా, అంటే ఎలా అంటుంది అన్నది తేల్చుకోవడానికి ఆ భాషలో పుట్టి పెరిగిన మనిషి పక్కన ఉండాలి. భాగస్వామి మొదట అవసరంగా వచ్చాడు. తర్వాత ఇంగ్లీషు బాగా వచ్చాక కూడా ఆ కుర్చీ తీసెయ్యలేదన్నదే నేను చెప్పదలుచుకున్నది.

1936లో పారమౌంట్ స్టూడియో రచయితల విభాగం అతన్ని బ్రాకెట్‌తో జత కలిపింది. బ్రాకెట్ 14 ఏళ్ళు పెద్ద, హార్వర్డ్‌లో లా చదివినవాడు, ‘న్యూయార్కర్’ పత్రికకు నాటక విమర్శలు రాసినవాడు, రాజకీయాల్లో రిపబ్లికన్. వైల్డర్ అన్నిటికీ ఎదురు. బ్రాకెట్ సోఫాలో పడుకుని పసుపు కాగితాల బొత్తి మీద రాసేవాడు. వైల్డర్ చేతికర్ర ఊపుకుంటూ గదిలో అటూ ఇటూ తిరిగేవాడు. రోజూ దెబ్బలాటే. ఇద్దరూ ఒప్పుకున్నదే కాగితం మీదికి వెళ్ళేది.

వాళ్ళు కలిసిన మొదటి సినిమా ‘బ్లూబియర్డ్స్ ఎయిత్ వైఫ్’, 1938. హీరో హీరోయిన్లు కలుసుకునే సీను చూడండి. బట్టల కొట్టుకి ఒకాయన వచ్చి పైజమా సెట్టులో చొక్కా మాత్రమే కావాలంటాడు, కింది భాగం నేను వేసుకోను అంటాడు. గుమాస్తా కుదరదంటాడు. సంగతి మేనేజరు దాకా, అక్కణ్ణించి యజమాని దాకా వెళుతుంది. ఇంట్లో పడుకున్న యజమాని ఫోన్లో అసంభవం అని అరిచి మంచం దిగితే, అతని ఒంటి మీద చొక్కా మాత్రమే ఉంటుంది! అప్పుడు వెనక నుంచి ఒక ఆడగొంతు: నాకు కింది భాగం చాలు. మామూలు రచయిత ఆ ఆడగొంతు దగ్గరికి నేరుగా వచ్చేస్తాడు. యజమాని మంచం దిగే షాటు లేకపోయినా కథ నడుస్తుంది, నవ్వు మాత్రం ఒక మెట్టు తగ్గుతుంది. ఆ సినిమా దర్శకుడు ఎర్న్స్ట్ లూబిచ్, వైల్డర్ గురువులా చూసుకున్న మనిషి. వైల్డర్ తన ఆఫీసు గోడకి ‘లూబిచ్ అయితే ఎలా చేసేవాడు?’ అని రాసిన బోర్డు చివరిదాకా పెట్టుకున్నాడు.

ఇక దర్శకుడు ఎందుకయ్యాడన్నది. మీ వ్యాసకర్త దీన్ని ‘సృజనాత్మక దాహం’ అన్నారు. జరిగింది ఒక బొద్దింక గొడవ.

అమెరికా వచ్చిన కొత్తల్లో వైల్డర్ వీసా గడువు అయిపోయింది. దేశం దాటి వెళ్ళి కొత్త వీసాతో మళ్ళీ రావాలి. కాలిఫోర్నియా సరిహద్దు అవతల మెక్సికోలో మెక్సికాలి అనే ఊరికి వెళ్ళాడు. చూపించాల్సిన కాగితాల్లో చాలావరకు లేవు. అక్కడ వీసాలిచ్చే అమెరికా అధికారి, కాన్సల్, ఏం పని చేస్తావని అడిగితే సినిమాలు రాస్తానన్నాడు. ఆయన కాసేపు అటూ ఇటూ నడిచి, ముద్ర కొట్టి, అయితే మంచివి రాయి అని పంపించాడు. అలా ముద్ర దొరకనివాళ్ళు సరిహద్దు హోటళ్ళలో నెలల తరబడి పడి ఉండేవాళ్ళు. 1941లో వచ్చిన ‘హోల్డ్ బ్యాక్ ద డాన్’కి బ్రాకెట్, వైల్డర్ రాసిన హీరో అలాంటివాడే. మాసిన హోటల్ గదిలో మంచం మీద పడుకుని ఉంటాడు. గోడ మీద బొద్దింక పాకుతుంటుంది. చేతికర్రతో దాన్ని అడ్డగించి, ఇమిగ్రేషన్ అధికారి గొంతు పెట్టి, ఎక్కడికి పోతున్నావు, నీ వీసా ఏది అని దబాయిస్తాడు. వాడి కసి, విసుగు, నిస్సహాయత అన్నీ ఒక్క నిమిషంలో కనపడే సీను. హీరో వేసిన చార్ల్స్ బోయర్ నేను బొద్దింకతో మాట్లాడటమేమిటి అన్నాడు. దర్శకుడు మిచెల్ లైసెన్ సరేనని సీను తీసేశాడు. ఈ సంగతి వైల్డర్‌కి భోజనాల దగ్గర బోయర్ నోటే తెలిసింది. చివరి భాగం ఇంకా రాస్తూనే ఉన్నారు. బొద్దింకతో మాట్లాడనివాడు ఇంకెవరితోనూ మాట్లాడక్కర్లేదని, మిగిలిన పేజీల్లో బోయర్ మాటలు తెగ్గోసి హీరోయిన్‌కి ఇచ్చేశారు. కక్ష తీరింది గానీ సీను తిరిగి రాలేదు. రాసింది రాసినట్టు తెర మీద పడాలంటే కుర్చీ మారడమొక్కటే దారి అని అక్కడ తేలింది.

అప్పటికే ఆ దారి ఒకడు తెరిచాడు. 1939లో ప్రెస్టన్ స్టర్జెస్ అనే రచయిత తన స్క్రిప్టుని పారమౌంట్‌కి 10 డాలర్లకి అమ్మాడు, దర్శకత్వం తనకే ఇవ్వాలన్న షరతు మీద. ‘ద గ్రేట్ మెక్‌గింటీ’కి ఒరిజినల్ స్క్రీన్‌ప్లే ఆస్కార్ కూడా కొట్టాడు. వైల్డర్ తన వంతు వచ్చినప్పుడు ఒక తెలివైన పని చేశాడు. ఇతను ఏదో ఆర్టు సినిమా తీసి బోర్లా పడతాడు, మళ్ళీ టైపు మిషన్ దగ్గరికి వస్తాడు అని స్టూడియో ఎదురుచూస్తున్న సంగతి తెలుసు. కావాలనే అచ్చమైన బాక్సాఫీసు కథ ఎంచుకున్నాడు. రైలు టికెట్టుకి డబ్బు చాలక పన్నెండేళ్ళ పిల్లలా వేషం వేసుకునే ఆడపిల్ల కథ, ‘ద మేజర్ అండ్ ద మైనర్’. జింజర్ రోజర్స్ ఒప్పుకుంది, సినిమా ఆడింది.

ఆ సినిమా నుంచి వైల్డర్ పక్కన ఇంకో మనిషి ఉన్నాడు. ఇతని పేరు మీ వ్యాసంలోనే కాదు, చాలామంది రాతల్లో కనపడదు. డోన్ హారిసన్, ఎడిటర్. 1942 నుంచి 1966 నాటి ‘ద ఫార్చ్యూన్ కుకీ’ దాకా, ఎడిటింగ్ టేబుల్ దగ్గర కూర్చునే బదులు సెట్‌లో కెమెరా పక్కన నిలబడ్డాడు. ఈ షాటు ఎక్కడ కట్ అవుతుంది, తర్వాతది ఎక్కణ్ణించి మొదలవ్వాలి అనేది షూటింగ్‌కి ముందే ఇద్దరూ తేల్చుకునేవాళ్ళు. అప్పటి స్టూడియో పద్ధతిలో ఒక సీను మొత్తం ముందు దూరం నుంచి ఒకసారి, తర్వాత మధ్య నుంచి, ఆపైన ఒక్కొక్కరి క్లోజప్పులు తీసి పెట్టుకునేవాళ్ళు. దాన్ని తర్వాత నిర్మాత తనకు నచ్చినట్టు కోయించుకోవచ్చు. వైల్డర్ దగ్గర అలా కోసుకోవడానికి మిగులు ఫిల్ము ఉండేది కాదు. తీసినది ఒకే ఒక్క విధంగా అతుకుతుంది. క్లోజప్పు కావాలన్న చోట మాత్రమే క్లోజప్పు తీసి ఉంటాడు. ఖర్చు తగ్గడం ఒక లాభమే, అంతకన్నా పెద్దది స్క్రిప్టుకి తాళం వెయ్యడం. ఈ పద్ధతిలో ప్రమాదమూ ఉంది. లెక్క తప్పితే కప్పిపుచ్చడానికి షాటు ఉండదు, సెట్ మళ్ళీ వెయ్యాల్సిందే. హారిసన్ ఉన్నది ఆ లెక్క తప్పకుండా చూడటానికే.

భాగస్వామితో పొసగకపోతే ఏమవుతుందో ‘డబుల్ ఇండెమ్నిటీ’లో చూడొచ్చు, 1944. జేమ్స్ ఎం. కేన్ నవలిక. కథ నీచంగా ఉందని బ్రాకెట్ తప్పుకున్నాడు. డిటెక్టివ్ నవలల రేమండ్ చాండ్లర్‌ని వారానికి 750 డాలర్ల మీద తెచ్చారు. స్క్రిప్టు పని ఎలా ఉంటుందో అతనికి తెలియదు, వారం పది రోజుల్లో ముగించేస్తాననుకున్నాడు. వైల్డర్ చేతికర్ర తన ముఖం మీద ఆడించడం, కిటికీ తెరవమని, తలుపు మూయమని పురమాయించడం అతనికి మంట. స్టూడియోకి ఫిర్యాదు రాసి పెట్టాడు. అయినా ఆ సినిమాకి చాండ్లర్ చేసిన మేలు కొట్టిపారెయ్యలేం. కేన్ రాసిన సంభాషణలు పుస్తకంలో చకచకా చదివిస్తాయి కాబట్టి అలాగే దించేద్దామన్నాడు వైల్డర్. అవి కంటికి రాసినవి, చెవికి పనికిరావు అన్నాడు చాండ్లర్. స్టూడియో నటుల్ని పిలిపించి పైకి చదివించి చూశారు. చప్పగా పడిపోయాయి. అప్పుడు మాటలన్నీ కొత్తగా రాశారు. నవలని సినిమాగా చేసే ప్రతివాళ్ళూ చెయ్యాల్సిన పరీక్ష ఇది, ఇద్దరు మనుషులు, ఒక గంట చాలు. ఈ గొడవంతా ఎరిగిన కళ్ళతో చూస్తే సినిమా మొదలైన పావుగంటకి ఒక సరదా దొరుకుతుంది. ఆఫీసు వసారాలో కుర్చీలో కూర్చుని చదువుకుంటున్న మనిషి చాండ్లరే.

అదే సినిమాలో రెండు విషయాలు సెట్ మీద కుదిరినవి, సెట్ మీద రాసుకోవచ్చు అనేవాళ్ళు ఇష్టంగా చెప్పేవి. హంతకులిద్దరూ శవాన్ని పట్టాల మీద పడేసి కారెక్కి వెళ్ళిపోయే సీను షూటింగ్ అయిపోయింది. వైల్డర్ భోజనానికి బయల్దేరితే సొంత కారు స్టార్టు కాలేదు. పరుగున వెనక్కి వచ్చి కారు సెట్ విప్పొద్దన్నాడు. ఇంజను రెండుసార్లు మొరాయించి, ఇద్దరూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకుని, మూడోసారి హీరో చెయ్యి మెల్లగా తాళం వైపు వెళ్ళేలా మళ్ళీ తీశాడు. దాంతో ప్రేక్షకుడు హంతకుల కారు స్టార్టు కావాలని కోరుకుంటాడు. రెండోది ముగింపు. హీరోని గ్యాస్ చాంబర్‌లో చంపే సీను ఖర్చు పెట్టి తీశారు, తర్వాత తీసి పారేశారు. ఎందుకు పారెయ్యగలిగారు? సినిమా పొడుగునా హీరో తన పైఅధికారి చుట్టకి బొటనవేలి గోటితో అగ్గిపుల్ల గీసి వెలిగిస్తుంటాడు, పైఅధికారి జేబులో అగ్గిపుల్ల ఎప్పుడూ ఉండదు. చివర్లో గాయపడి గుమ్మంలో కూలబడ్డ హీరో సిగరెట్టుకి ఆ పైఅధికారి అగ్గిపుల్ల గీస్తాడు. ఆ తర్వాత ఉరికంబం చూపించినా, గ్యాస్ గది చూపించినా అది అదనపు రీలే. ఈ రెండూ సెట్‌లోనూ ఎడిటింగ్‌లోనూ తట్టిన మాట నిజమే. తట్టడానికి వీలుగా కింద పునాది రాసి ఉంది.

బౌండ్ స్క్రిప్టు మాట కూడా ఇలాంటిదే. 1950 నాటి ‘సన్‌సెట్ బులవార్డ్’, 1960 నాటి ‘ద అపార్ట్‌మెంట్’ షూటింగ్ మొదలయ్యేనాటికి చివరి పేజీలు లేవు. నిజమే. కానీ చేతిలో ఉన్న పేజీలు అక్షరం కదలకుండా ఉన్నాయి. సెట్‌లో నటులు ఒక చిన్న మాట మార్చినా ఆపేవాళ్ళు. డైమండ్ వచ్చాక రోజూ సెట్‌లో కూర్చుని అదే చూసేవాడు. వైల్డర్ అనేవాడు, మూడో అంకంలో కథ ఇరుక్కుందంటే అసలు తప్పు మొదటి అంకంలో ఉందని. మొదటి రెండు అంకాలు గట్టిగా బిగించి, నటులు ఎలా చేస్తున్నారో చూసుకుని, మూడోది రాయడం ఒక పద్ధతి. పొద్దున్నే సీన్ పేపర్ రాసి, ప్రాంప్టింగ్‌తో లాగించి, మిగిలింది డబ్బింగ్‌లో చూసుకుందాం అనడం ఇంకో పద్ధతి. వాళ్ళకి సినిమా మొత్తం డబ్బింగ్‌లో దిద్దుకునే అలవాటు లేదు. చాలావరకు సెట్‌లో పలికిందే ప్రింటులో ఉంటుంది.

పూర్తిగా రాసి తీసినది కూడా దెబ్బ తినొచ్చు. ‘సన్‌సెట్ బులవార్డ్’ మొదట శవాగారంలో మొదలయ్యేది. శవాలు ఒకదాంతో ఒకటి ఎలా చచ్చామో చెప్పుకుంటాయి. ఇలినాయ్ రాష్ట్రంలో ఎవాన్‌స్టన్ అనే ఊళ్ళో ప్రివ్యూ వేస్తే, హీరో శవం కాలి బొటనవేలికి చీటీ కట్టగానే హాలు ఘొల్లుమంది. మొదటి నిమిషంలో నవ్వు మొదలైతే ఆ తర్వాత వచ్చే విషాదాన్ని కూడా హాస్యంగానే తీసుకుంటారు. ఆ రీలు మొత్తం తీసేశారు. చచ్చినవాడు కథ చెప్పడం అన్న అసలు ఎత్తుగడ మాత్రం ఉంచి, ఈతకొలనులో బోర్లా తేలుతున్న శవంతో మొదలుపెట్టారు. కింద నుంచి పైకి చూస్తున్నట్టుండే ఆ షాటుకి కెమెరా నీళ్ళలో దిగలేదు. తొట్టి అడుగున పెద్ద అద్దం పరిచి, బయట పొడి నేల మీద నుంచి అద్దంలో ప్రతిబింబాన్ని తీశారు. ఆ సినిమాతో బ్రాకెట్‌తో తెగిపోయింది. ఆ తర్వాత ఏడేళ్ళు రకరకాల భాగస్వాములు. వాటిలో మంచి సినిమాలున్నాయి, ‘ఏస్ ఇన్ ద హోల్’, ‘స్టాలగ్ 17’ లాంటివి, కానీ కుదురు లేదు.

కుదురు 1957లో దొరికింది. ఐ.ఎ.ఎల్. డైమండ్, రొమేనియాలో పుట్టి బ్రూక్లిన్‌లో పెరిగినవాడు. ఇతనిదీ పుట్టుకతో వచ్చిన ఇంగ్లీషు కాదు. గమనించారా, ఈసారి వైల్డర్‌కి భాష నేర్పేవాడు అక్కర్లేదు. కాదనేవాడు కావాలి. ఉద్యోగస్తుల్లా పొద్దున్నే ఆఫీసుకి వచ్చి, డైమండ్ టైపు మిషన్ ముందు, వైల్డర్ కర్రతో నడుస్తూ. డైమండ్‌కి నచ్చిందంటే ఎగిరి గంతెయ్యడు, ఊఁ అంటాడు, అంతే.

1959 నాటి ‘సమ్ లైక్ ఇట్ హాట్’లో ఒక్క సీను చెబుతాను. ఆడవేషంలో ఉన్న జెర్రీ ముసలి కోటీశ్వరుడితో రాత్రంతా టాంగో ఆడి వచ్చి, మంచం మీద పడుకుని, నాకు పెళ్ళి కుదిరిందంటాడు. పెళ్ళికూతురెవరు అని స్నేహితుడు అడుగుతాడు. నేనే, అంటాడు. ఇలా మాట మాటకీ నవ్వు పుట్టే సీను రాయడం కష్టమే, తీయడం ఇంకా కష్టం. హాలు నిండా జనం మొదటి మాటకి నవ్వుతుంటే రెండోది వినపడదు, రెండోది వినపడకపోతే మూడో దానికి అర్థం ఉండదు. అలాగని నటుడు ఊరికే ఆగి నిలబడితే ఖాళీ హాల్లో వెర్రిగా ఉంటుంది. వైల్డర్ జాక్ లెమన్ చేతిలో మరాకాస్ పెట్టాడు, మన గిలకల్లాంటివి. ఒక జవాబు చెప్పగానే అవి ఊపుకుంటూ ఆనందంగా నాలుగు అడుగులు. ఆ అడుగులయ్యేసరికి హాలు సద్దుమణుగుతుంది, తర్వాతి మాట పడుతుంది. పిచ్చి ఆనందంలో ఉన్నవాడు గిలకలాడించడం పాత్రకీ సరిపోయింది. కామెడీ సీనుల్లో మాట మీద మాట గుప్పించేవాళ్ళు ఈ సీను స్టాప్‌వాచీతో చూడాలి.

అదే సినిమాలో చివరి మాట సంగతి తెలిసిందే. జెర్రీ విగ్గు పీకేసి నేను మగాణ్ణి అని అరిస్తే, ముసలాయన చెక్కుచెదరకుండా, పోనీలే, లోపం లేనివాళ్ళెవరు అంటాడు. ఆ మాట డైమండ్‌ది. ప్రస్తుతానికి ఇది రాసి ఉంచుదాం, ఇంకా మంచిది తడితే మారుద్దాం అనుకున్నారు. తట్టలేదు. ఈ సంగతి వైల్డర్ అడిగినవాళ్ళందరికీ చెప్పాడు. మీ వ్యాసంలో ఆ మాట వైల్డర్ ఖాతాలో వేశారు.

‘ద అపార్ట్‌మెంట్’ బీజం వైల్డర్ నోటుపుస్తకంలో చాలా ఏళ్ళు పడి ఉంది. 1945 నాటి ఒక ఇంగ్లీషు సినిమాలో రహస్య ప్రేమికులు ఒక స్నేహితుడి ఫ్లాటులో కలుసుకుంటారు. వాళ్ళు వెళ్ళిపోయాక ఆ వెచ్చటి పక్కలో పడుకోవాల్సిన స్నేహితుడి సంగతేమిటి? ఇదీ ప్రశ్న. సెన్సారు పట్టు సడలేదాకా దాని జోలికి పోలేదు. బాక్స్‌టర్ అనే బీమా కంపెనీ గుమాస్తా, ప్రమోషన్ ఆశతో పైవాళ్ళకి తన ఫ్లాటు తాళం ఇస్తుంటాడు. అతని డెస్కు నంబరు 861, 19వ అంతస్తు, చేతికొచ్చే జీతం వారానికి 94 డాలర్ల 70 సెంట్లు, ఇంటద్దె నెలకి 85 డాలర్లు. ఇవన్నీ మొదటి నిమిషాల్లోనే చెప్పేస్తారు. ఎంత చిన్నవాడో అంకెల్లో తెలిస్తే ఎందుకు లొంగాడో వేరే చెప్పక్కర్లేదు. ఆ ఆఫీసు హాలు సెట్ అలెగ్జాండర్ ట్రౌనర్‌ది. కనుచూపు మేర డెస్కులు. ముందు వరసల్లో మామూలు డెస్కులు, మామూలు మనుషులు. వెనక్కి వెళ్ళేకొద్దీ డెస్కులు చిన్నవి, వాటి దగ్గర పొట్టివాళ్ళు, పిల్లలు, ఆఖరున అట్ట బొమ్మలు. స్టేజీ ఎంత పెద్దదైనా కంటికి అంత లోతు రాదు మరి.

ఇక అద్దం. బాక్స్‌టర్ ఇష్టపడ్డ లిఫ్టు అమ్మాయి ఫ్రాన్, అతని పెద్దబాస్ షెల్‌డ్రేక్‌తో అదే ఫ్లాటుకి వస్తోంది. ఇది బాక్స్‌టర్‌కి తెలియాలి. ఎలా? ఎవరో చెప్పొచ్చు, తలుపు తీసి కళ్ళారా చూడొచ్చు, ఫోన్లో వినొచ్చు. వందసార్లు చూసినవే అన్నీ. వీళ్ళు ముందు ఒక పౌడరు డబ్బా పెట్టారు. ఎవరో మరిచిపోయారని బాక్స్‌టర్ దాన్ని షెల్‌డ్రేక్‌కి తిరిగిస్తూ, లోపల అద్దం పగిలి ఉందండీ, నాకు దొరికినప్పుడే అలా ఉంది అంటాడు. ఆమె నా మీదికి విసిరింది అంటాడు షెల్‌డ్రేక్. ఆ డబ్బా ఎవరిదో మనకి తెలుసు, బాక్స్‌టర్‌కి తెలియదు. ఆ తర్వాత క్రిస్మస్ పార్టీ. బాక్స్‌టర్ ప్రమోషన్ మీద కొత్త టోపీ కొన్నాడు. అది ఎలా ఉందో చూసుకోమని ఫ్రాన్ తన పౌడరు డబ్బా ఇస్తుంది. తెరుస్తాడు. రెండు ముక్కలైన అద్దంలో, టోపీ కింద, రెండు ముక్కలైన తన ముఖం. అద్దం పగిలిందే అంటాడు. తెలుసు, నా మనసు ఎలా ఉందో అలాగే కనపడుతుందని ఉంచుకున్నాను అంటుంది ఫ్రాన్. ఎందుకంటే షెల్‌డ్రేక్‌కి తనకి ముందు ఎందరున్నారో అదే పార్టీలో అతని సెక్రటరీ ఇప్పుడే చెప్పింది. ఆ సంగతి బాక్స్‌టర్‌కి తెలియదు, తన చేతిలో ఇప్పుడు ఏం పేలిందో ఫ్రాన్‌కి తెలియదు. ఇద్దరి గుండెలూ ఒకే షాటులో, ఒకే వస్తువు మీద, వేరువేరు కారణాలకి పగులుతాయి. నిజం చెప్పే డైలాగు ఒక్కటి లేదు.

తాళంచెవిదీ అదే కథ. మొదట్లోనే ఒక పైఅధికారి గుమ్మం ముందు పట్టా కింద పొరపాటున వేరే తాళం పెట్టిపోతాడు. బాక్స్‌టర్‌కి ఇల్లు తెరుచుకోదు, ఆ అధికారికి ఆఫీసర్ల బాత్‌రూమ్ తెరుచుకోదు. అప్పుడు అది ఒక నవ్వు మాత్రమే. చివర్లో షెల్‌డ్రేక్ ఫ్లాటు తాళం అడిగితే బాక్స్‌టర్ బల్ల మీద ఒక తాళం పెడతాడు. ఇది బాత్‌రూమ్‌ది, పొరపాటు పడ్డావు అంటాడు షెల్‌డ్రేక్. పడలేదు అని ఉద్యోగం వదిలి వెళ్ళిపోతాడు. మొదటి నవ్వు లేకపోతే రెండోసారి ఆ తాళం ఏమిటో వివరించడానికి నాలుగు మాటలు కావాల్సొచ్చేది, సీను అక్కడే చచ్చేది. ఈ సినిమాకి వైల్డర్ ఒక్కడే మూడు ఆస్కార్లు ఇంటికి తీసుకెళ్ళాడు, నిర్మాతగా, దర్శకుడిగా, రచయితగా. మూడోది పంచుకున్నది. మొత్తం మీద అతని ఆస్కార్లు ఆరు, మీరు ఏడు అని వేశారు. ఆరు పోటీలో గెలిచినవి, నిర్మాతగా చేసిన కృషికి ఆస్కార్ అకాడమీ 1988లో ఇచ్చిన థాల్‌బర్గ్ పురస్కారం వేరే లెక్క.

ఇంత కాపలా కాసినా ఒకసారి దొంగలు పడ్డారు. 1970 నాటి ‘ద ప్రైవేట్ లైఫ్ ఆఫ్ షెర్లాక్ హోమ్స్’ని మధ్యలో విరామంతో వేసే పెద్ద సినిమాగా, మూడు గంటలు దాటి రాసి తీశారు. విడివిడి ఉదంతాలుగా ఉంటుంది. పెద్ద నిడివి సినిమాలకి అప్పటికి గిరాకీ పడిపోయింది. విడుదలైంది 125 నిమిషాలు. ఉదంతాలకి ఉదంతాలే ఎగిరిపోయాయి, వాటిలో కొన్ని పూర్తి బొమ్మా ధ్వనీ కలిసి నేటికీ దొరకలేదు. షాటుల మధ్య కత్తెర దూరకుండా కట్టిన మనిషి, ఉదంతాల మధ్య తలుపులు తీసే ఉంచాడు. ఒక్కటి లాగితే మిగతావి కూలని నిర్మాణం అది, అందుకే లాగగలిగారు. దాని కోసం చేసిన 30 అడుగుల నెస్సీ బొమ్మ, అంటే లాక్ నెస్ సరస్సులో ఉందని జనం చెప్పుకునే వింతజంతువు బొమ్మ, కూడా మునిగింది. వీపు మీది మూపురాలు వైల్డర్‌కి నచ్చక తీయించాడు. వాటితో పాటు తేలే గుణం పోయి, స్కాట్లండ్‌లోని లాక్ నెస్ సరస్సులో అడుగుకి వెళ్ళిపోయింది. 2016లో సరస్సు అడుగు వెతుకుతున్న రోబో దాన్ని కనిపెట్టింది. సినిమాలో పోయిన ముక్కలు పూర్తిగా దొరక్కముందే బొమ్మ దొరికింది!

1981 తర్వాత సినిమా లేదు. అయినా వైల్డర్, డైమండ్ ఆఫీసుకి వెళ్ళి కూర్చోవడం మానలేదు. 1988 ఏప్రిల్‌లో థాల్‌బర్గ్ పురస్కారం అందుకున్న వేదిక మీద మెక్సికాలి కాన్సల్‌ని తలుచుకున్నాడు. అదే నెలలో డైమండ్ పోయాడు. వైల్డర్ ఇంకో 14 ఏళ్ళు బతికి 2002 మార్చి 27న, 95 ఏళ్ళ వయసులో పోయాడు. కొత్త భాగస్వామితో టైటిల్ కార్డు మరొకటి రాలేదు.

మీరు సవరణ వేసేటట్టయితే ఇంకొక చిన్న సంగతి. వ్యాసం పక్కన లాస్ ఏంజెలెస్‌లోని అతని సమాధి ఫొటో వేసి, కింద ‘తన గురించి తనే రాసుకున్న వాక్యం’ అని పెట్టారు. ఆ రాయి మీద ఉన్నది, నేను రచయితని, పోనీలే, లోపం లేనివాళ్ళెవరు అని. మొదటి సగం వైల్డర్‌ది. రెండో సగం డైమండ్‌ది.

ఇట్లు,
స్క్రీన్‌ప్లే పాఠాలు చెప్పే ఒక పాఠకుడు,
హైదరాబాద్